లిబెచ్చో ముందు డెక్కు మూత

వియారెజ్జో, దార్సెనా వీధి
12 అక్టోబర్ 2023, గురువారం

గౌరవనీయులైన నౌకాశిల్పి ఆరేలియో బెర్తాక్కా గారి సముఖానికి,

ఫోస్కా తాంబెల్లీనీ నమస్కారాలతో రాయునది. జెనోవాలో తమరు, తమ కొత్త శ్రీమతి, తమ మోకాలు అందరూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను బతికే ఉన్నాను. పడవలో నాతో పనిచేసే మిల్వియా కూడా బతికే ఉంది. అందులో తమరి గొప్పతనం ఏమీ లేదు.

మర్యాదలు ఇంతటితో చాలు. పందొమ్మిదేళ్ళు ఒకే కంచం, ఒకే మంచం అన్నాక ఇప్పుడు "మీరు" అని రాయాలంటే నా వేళ్ళు ఒప్పుకోవడం లేదు. నువ్వు అనే రాస్తాను. కావాలంటే దీన్ని కూడా నీ వకీలుకు చూపించుకో.

నీ వకీలు ఉత్తరం సోమవారం అందింది. ఎంత తియ్యగా రాశాడనీ! "శ్రీమతి తాంబెల్లీనీ గారు ఆగస్టు తొమ్మిదో తేదీ సంఘటనను మరొక్కసారి ప్రశాంతంగా గుర్తు చేసుకోవలసిందిగా" మనవి అట. మనవి! పెళ్ళయిన ఇన్నేళ్ళలో నువ్వు నాకు ఒక్క మనవి చేసిన పాపాన పోలేదు. విడిపోయి పందొమ్మిదేళ్ళయ్యాక, నీ లైసెన్సు మీదకు వచ్చేసరికి, మనవులు చేయడానికి ఒకడిని కుదుర్చుకున్నావు. నేను వకీలుకు జవాబివ్వను. చెప్పేదేదో నీకే చెబుతాను. వచ్చే మంగళవారం పోర్టు కార్యాలయంలో విచారణ సంఘం ముందు ఏం చెప్పబోతున్నానో నీకు ముందే తెలియాలి. వెనకనుంచి పొడిచిందని రేపు నన్ను అనకు.

అంతకన్నా ముందు లిబెచ్చో గురించి మాట్లాడదాం. నువ్వు ఆ పడవకు ఏం చేశావో నీకు తెలియదు. గీశావు, రంగు ఫోటోలు తీయించావు, పత్రికల్లో వేయించావు. దానిలో బతికింది మేము.

ఎనభై ఎనిమిదిలో ఆ పడవ మొదటిసారి నీళ్ళలోకి దిగినప్పుడు నువ్వు పడవలు కట్టే యార్డులో చిన్న గీతగాడివి. అక్కడి పెద్దాయన నీకు వదిలిన పని వంటగది ఒక్కటే, ఎందుకంటే దాన్ని ఎవరూ చూడరు. ఒకరోజు సాయంత్రం టేపు పట్టుకుని ఇంటికొచ్చి, నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, నేలనుంచి మోచేతి దాకా కొలిచావు. వంటమనిషి ఎవరో తెలియనప్పుడు నా భార్య మోచేతికి గీస్తే తప్పేముంది అన్నావు. రెండేళ్ళకు పడవ యజమాని, లుక్కా కాగితం మిల్లు ముసలాయన, నన్నే వంటకు పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఆ బల్ల దగ్గర నాకు ఏనాడూ నడుము నొప్పి రాలేదు. పొయ్యి పక్కన కిటికీ. తిరిగి వచ్చేటప్పుడు అందులోంచి పాలరాతి కొండలు తెల్లగా కనబడగానే మరో గంటలో ఇంట్లో ఉంటామని తెలిసేది. నువ్వు వెళ్ళిపోయాక కూడా నేను అక్కడే వండాను. మనుషులు ఎంత చెడ్డా వంటగది మంచిదే అనుకున్నాను.

ఆ వంటగదిని నువ్వే పీకించావు. ముసలాయన పోయి, పడవ వాన్‌హూఫ్ దంపతుల చేతికి వచ్చి, దాన్ని కొత్తగా తీర్చిదిద్దే పని నీకే దక్కిందని తెలిసినప్పుడు కెప్టెన్ ఓర్లాందీ నాతో, భయపడకు, నీ మూల జోలికి రాడులే అన్నాడు. ఏప్రిల్‌లో పడవ మళ్ళీ నీళ్ళలోకి దిగిన రోజు లోపలికెళ్ళి చూస్తే, నా పొయ్యి ఉన్న చోట తెల్ల తోలు సోఫా ఉంది. నా కిటికీ ఉన్న చోట నేలనుంచి కప్పు దాకా ఒకే గాజు పలక. మేడమ్ వాన్‌హూఫ్ దాని ముందు నిలబడి, వెలుతురు, వెలుతురు అని మురిసిపోతోంది. వంటగది ఎక్కడని అడిగితే కిందకి చూపించారు. నీటిమట్టం కిందకి! కిటికీ లేదు. బల్ల ఎత్తు పత్రికలో ఎంత ఉంటే అంత. ఏ ఆడమనిషి మోచేతినీ కొలిచి పెట్టింది కాదది.

నీ సొగసులు ఒక్కొక్కటే చెబుతాను, విను. గాజు మెట్లు. వాటికి బహుమతి వచ్చిందట కదా, సంతోషం. కచ్చుక్కో చేపల పులుసు గిన్నె రెండు చేతులతో పట్టుకుని, తడికాళ్ళతో అతిథులు దిగుతుంటే, కింద ఏముందో కనబడే మెట్టు మీద ఒక్కసారి నువ్వు ఎక్కి చూపించు. బహుమతి నేనే ఇస్తాను. మేము పైకి రాకుండా భోజనాల లిఫ్టు పెట్టానంటావు. అది మనిషి కన్నా మొండిది. సగంలో ఆగి ఆలోచిస్తుంది. జూన్‌లో ఆల్చిప్పల స్పగెట్టి దాని కడుపులో పావుగంట కూర్చుని, బయటికొచ్చేసరికి అట్టులా అతుక్కుపోయింది. మేడమ్ నా వైపు చూసిన చూపు నీ వైపు చూడాల్సింది.

పిడులు లేని తలుపులు మరొకటి. వేలు ఆనిస్తే తెరుచుకుంటాయి. వేలు అక్కర్లేదు నాయనా, కోర్సికా దగ్గర ఒక్క పెద్ద అల వచ్చి ఆనించింది, అరలన్నీ ఒకేసారి నోళ్ళు తెరిచాయి. పళ్ళేలు ఏరుకోవడానికి నాకూ మిల్వియాకూ మధ్యాహ్నం పట్టింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుతూ, మీ ఆయనకు పిడులంటే ఎందుకంత కక్ష అని అడిగింది. మా ఆయన కాడు అన్నాను. ఆ మాటకి ఎంత నవ్విందో!

మిల్వియా నీకు తెలియదులే. నువ్వు పోయాకే వచ్చింది. గదులు సర్దడం, బట్టలు ఉతకడం ఆమె పని. నలభై ఆరేళ్ళది, తోర్రే దెల్ లాగో ఊరి మనిషి, ఉతికిన దుప్పటి చేతికిస్తే ఏ దేశం నూలో చెప్పగలదు. పదిహేడు సీజన్లు మేమిద్దరం ఒకే గది. నా గురక ఆమెకు, ఆమె సణుగుడు నాకు అలవాటు.

పడవ వెనకభాగం సంగతి. చిన్న పడవ పెట్టుకునే కొట్టును ఆవిరిస్నానపు గది చేశావు, వెనక గోడను సముద్రం మీదకి వాలే అరుగు చేశావు. అది బాగుంది. అబద్ధమెందుకు, పొద్దున్నే ఎవరూ లేవకముందు నేను కూడా దాని మీద కూర్చుని కాఫీ తాగాను. పడవ ఒరగకుండా కడుపు కింద పెట్టిన రెక్కలు కూడా మంచివే. లంగరు వేసినప్పుడు ఇదివరకు పులుసు గిన్నెను తాడుతో కట్టేదాన్ని, ఇప్పుడు అక్కర్లేదు. ఈ రెండూ నీకు ఇస్తున్నాను. ఇంకేమీ ఇవ్వను.

ఎందుకంటే ఆ అరుగూ ఆవిరిగదీ దొరగారి పడకగదీ పెరిగిన మేరకు ఎవరో ఒకరు తగ్గాలి కదా. తగ్గింది మేము. నలుగురం ఉండే చోట ఆరుగురిని కుక్కావు. బట్టలారబెట్టే యంత్రాన్ని తెచ్చి మిల్వియా తలగడకు జానెడు దూరంలో పెట్టావు. సరుకుల గదిని గాజుతో మూసి మద్యం సీసాల ప్రదర్శనశాల చేశావు. ఒక్కో సీసా కింద ఒక్కో దీపం! వారాల తరబడి దీవుల వెంట తిరిగే పడవలో బంగాళాదుంపలు ఎక్కడ పెట్టుకోవాలని కెప్టెన్ని అడిగితే, ఎక్కడో ఒకచోట సర్దుకో ఫోస్కా, నేనేం చెయ్యను, గీసినవాణ్ణి అడుగు అన్నాడు. గీసినవాడు జెనోవాలో ఉన్నాడు.

ఇక మేము పడుకునే ముందు గది కప్పులో పెట్టిన మూత. వకీలు ఉత్తరం అంతా దాని గురించే కాబట్టి దాని గురించే చెబుతాను.

మెట్లదారి మూసుకుపోతే కిందనున్నవాళ్ళు పైకి దూరి ముందు డెక్కు మీద పడడానికి ప్రతి పడవలోనూ ఒక మూత ఉంటుంది. పాత లిబెచ్చోలో అది డెక్కు మధ్యలో, ఎర్రరంగు వేసి, గుడ్డివాడికి కూడా కాలికి తగిలేలా ఉండేది. నీకు అది వికారంగా కనబడింది. దాని మీద ఎండకాగే సోఫా కట్టావు. మూత ఆ సోఫా పెట్టెలోకి తెరుచుకోవాలి, ఆ పైన మెత్తలున్న పలక కూడా లేవాలి, అప్పుడు మనిషి బయటపడాలి. ప్రాణం పోయేవాడు ముందు నీ అలంకారాన్ని దాటుకుని రావాలన్నమాట.

ఆగస్టు తొమ్మిది. కప్రాయా దీవి దగ్గర లంగరు వేసి ఉన్నాం. భోజనాలయ్యాయి. దొరలూ అతిథులూ వెనక అరుగు మీద ఈతలో ఉన్నారు. నేను పుచ్చకాయ ముక్కలు తీసుకెళ్ళి ఇస్తున్నాను. మిల్వియాకు తలనొప్పిగా ఉంటే, గంటసేపు పడుకో, గ్లాసులు నేను కడుక్కుంటాలే అని కిందకి పంపాను. రెండూ నలభైకి మంటల హెచ్చరిక గంట మోగింది. ఇంజనీరు ఎట్టోరే మెట్ల దగ్గరికి పరిగెత్తాడు, నేను అతని వెనక. మెట్లలోంచి నల్లటి పొగ, లావుపాటి తాడులా తిరుగుతూ వస్తోంది. ఆరబెట్టే యంత్రంలో నూలుపీచు అంటుకుందట. మంట చిన్నదే, పొగే పెద్దది. ఎట్టోరే రెండు మెట్లు దిగి వాంతి చేసుకుంటూ వెనక్కి వచ్చాడు. కెప్టెన్ పంపు దగ్గర. డెక్కు మనుషులిద్దరూ చిన్న పడవలో అతిథులను దింపుతున్నారు. మిల్వియా కింద ఉందని గుర్తొచ్చింది నాకొక్కదానికే.

పక్క దారంట ముందు డెక్కు మీదకి పరిగెత్తాను. సోఫా కిందనుంచి కొట్టుడు వినబడుతోంది. మొదట గట్టిగా, గబగబా. నా పేరు పిలిచింది. తర్వాత ఆగి ఆగి. నేను ఆ మూత తీసేసరికి గంట మోగి పదకొండు నిమిషాలు. టైమును కెప్టెన్ లాగ్‌బుక్కులో రాశాడు. తీసేసరికి ఆమె నిచ్చెన మీదే ఉంది. చెయ్యి నిచ్చెన కమ్మీకి మెలిపడి ఉండబట్టి కిందపడలేదు. చంకల కింద చేతులు వేసి లాగాను. మొహం నల్లగా, పెదాలు నీలంగా. మేడమ్ వాన్‌హూఫ్ తువ్వాలు చుట్టుకుని దూరంనుంచి, ఆమెకు ఎలా ఉంది, ఎలా ఉంది అని అడుగుతూనే ఉంది.

హెలికాప్టర్లో లివోర్నో తీసుకెళ్ళారు. ఊపిరితిత్తులు లోపల కాలాయి. నెలన్నర గొంతులో గొట్టం. ఇప్పుడు గొట్టం తీసేశారు, ఆసుపత్రిలోనే నడిపిస్తున్నారు. పది అడుగులు వేస్తే కూర్చోవాలి. ఇక పడవ ఎక్కదు. మెట్లూ ఎక్కదు. ఆమె ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

నిపుణుడు వచ్చి మూతను పరీక్షించి, కీలు బాగుంది, రబ్బరు బాగుంది, వేలితో తోస్తే లేస్తోంది అని రాశాడట. వేడికి రబ్బరు ఉబ్బి పట్టేసి ఉండవచ్చు, అది కూడా తోసిపుచ్చలేం అని కూడా రాశాడట. నీ వకీలు మొదటి వాక్యం పట్టుకున్నాడు. నేను రెండోది పట్టుకుంటాను. కిందనుంచి ఒక మనిషి పదకొండు నిమిషాలు కొట్టింది, మూత తెరుచుకోలేదు. ఇంతకన్నా ఏం కావాలి? నువ్వు ఏప్రిల్‌లో నన్ను విడిగా ముందు డెక్కు మీదకి తీసుకెళ్ళి ఆ మూత గురించి చెప్పానని అంటున్నావట. నాకు గుర్తు లేదు. నీ మాటలు గుర్తు పెట్టుకోవడం మానేసి చాలా కాలమైంది.

మంగళవారం ఇదే చెబుతాను. మూత తెరుచుకోలేదు, అందాన్ని చూసుకుని మనిషిని మరిచాడు అంటాను. వాళ్ళు నీ లైసెన్సు తీసేస్తే తీసేసుకోనీ. అరవై ఆరేళ్ళు వచ్చాయి, ఇంట్లో కూర్చో. మన ఇంటి వంటగది సగం పగలగొట్టి, మిగతాది తర్వాత చూద్దామని పదేళ్ళు అలాగే వదిలేశావు గుర్తుందా? ఇప్పుడు నీకు తీరిక దొరుకుతుంది. కానీ ఆ ఇల్లు ఇప్పుడు నీది కాదు.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. వకీలుచేత రాయించకు.

నీకు ఏమీ కాని,
ఫోస్కా తాంబెల్లీనీ

తా.క.
17 అక్టోబర్, మంగళవారం సాయంత్రం

ఈ ఉత్తరం పోస్టు చేయలేదు. స్టాంపు అంటించి కూడా చేయలేదు. ఆదివారం లివోర్నో వెళ్ళాను.

మిల్వియా కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఇప్పుడు ఆమె గొంతు వేరు, గరగరమని, వేరే ఎవరిదో పెట్టినట్టు. నారింజ ఒలిచి ఇస్తుంటే, మంగళవారం ఏం చెప్పబోతున్నావు అని అడిగింది. పైన నీకు రాసిందంతా చెప్పాను. రబ్బరు ఉబ్బిందన్నాను. నిన్ను నాలుగు తిట్టాను. ఆమె నారింజ తొన ఒకటి నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు. తర్వాత నా వైపు చూడకుండా అంది:

"నేనెవరికీ చెప్పలేదు ఫోస్కా. చెప్పను కూడా. కానీ ఆ మాట ఇంకోసారి నా ఎదుట అనొద్దు."

నేను ఏ మాట అని అడగలేదు.

ఆరేలియో, మూత మీద నా నీళ్ళ సీసాలు ఉన్నాయి. మేడమ్ గాజు సీసాల నీళ్ళే తాగుతుంది. పన్నెండేసి సీసాల పెట్టెలు తొమ్మిది, ఒక బంగాళాదుంపల బస్తా, ఒక ఉల్లిపాయల బస్తా. నీ సోఫా పెట్టెలో. చల్లగా, గాలి తగిలేలా, సరిగ్గా సరుకుల గదిలా ఉంది అది. జూన్ నుంచి పెడుతున్నాను. కెప్టెన్ మెత్తలు ఎత్తి చూడడని తెలుసు. ఒక్కో పెట్టె ఒక చివర నేను, ఒక చివర మిల్వియా పట్టుకుని మోశాం. ఆమె మొదటి రోజే, ఇక్కడ పెట్టొచ్చా అని అడిగింది. మరెక్కడ పెట్టమంటావు, నీ మంచం మీదా అన్నాను. ఇంక అడగలేదు. ఆ రోజు కిందనుంచి మూతను తోస్తున్నప్పుడు, పైన ఏముందో ఆమెకు తెలుసు. నా పేరు పిలిచింది అందుకే.

పదకొండు నిమిషాల్లో ఏడు నిమిషాలు నేను పెట్టెలు తీశాను. ఒక్కో పెట్టె ఎత్తి కమ్మీ మీదుగా సముద్రంలోకి విసిరాను. ఎక్కడ పెట్టాలా అని ఆలోచించే బుర్ర కూడా లేదు. కొట్టుడు ఆగిపోయినప్పుడు ఇంకా మూడు పెట్టెలు ఉన్నాయి. గాజు మునిగింది, బంగాళాదుంపలు మునిగాయి. ఉల్లిపాయలు తేలాయి. చిన్న పడవలో ఉన్న డెక్కు మనిషి తర్వాత నన్ను, నీళ్ళ మీద ఉల్లిపాయలేమిటి అని అడిగాడు. హడావుడిలో పడిపోయాయి అన్నాను. మరెవరూ అడగలేదు. ఎవరూ అడగకపోతే ఏమవుతుందో తెలుసా? రోజూ పొద్దున లేవగానే నిన్ను తిట్టుకుంటూ కాఫీ పెట్టుకునేదాన్ని, అలా తిట్టుకుంటూ తిట్టుకుంటూ తప్పు నీదేనని నేనే నమ్మేశాను. పై ఉత్తరం రాసేటప్పుడు నా చెయ్యి ఒక్కచోట కూడా వణకలేదు. కావాలంటే అక్షరాలు చూడు.

ఏప్రిల్‌లో నువ్వు నాకు చూపించావు. నాకు గుర్తుంది. ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు. అందరూ పైన షాంపేను తాగుతుంటే నువ్వు కుంటుకుంటూ ముందు డెక్కు మీదకి వచ్చి, మెత్త ఎత్తి, మూత మీద అరచెయ్యి పెట్టి అన్నావు: "ఇక్కడ ఏమీ పెట్టొద్దు ఫోస్కా. నీకే ఎందుకు చెబుతున్నానంటే, ఖాళీ కనబడితే నువ్వు ఊరుకోవు." నేను నీ చెయ్యి వైపే చూశాను. ఎంత ముసలిదైపోయింది అనుకున్నాను. వెంటనే కోపం వచ్చింది. నా వంటగదికి చోటు లేకుండా చేసినవాడివి నాకు చోట్ల గురించి పాఠాలు చెప్పకు అని వచ్చేశాను. నువ్వు కాక మరెవరు చెప్పినా వినేదాన్నేమో. ఇది సాకు కాదు, ఉన్నమాట.

ఈ రోజు పొద్దున పోర్టు కార్యాలయంలో అంతా చెప్పాను. ముగ్గురు కూర్చున్నారు, నడుమ ఉన్నావిడ నా కన్నా చిన్నది, యూనిఫాంలో. నీ వకీలు పక్క బల్ల దగ్గర నా మీద ప్రశ్నలు కాగితాల నిండా రాసుకుని తయారుగా ఉన్నాడు. నేను పెట్టెల సంగతి మొదలుపెట్టగానే పెన్ను మూత పెట్టేశాడు. పాపం, అంత చదువుకుని వచ్చాడు. నువ్వు రాలేదు. మోకాలికి ఆపరేషన్ అట, వాడే చెప్పాడు. నడుమ ఉన్నావిడ ఆ పెట్టెలు ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగింది. కప్రాయా ముందు, పద్దెనిమిది మీటర్ల లోతులో అన్నాను. ఆవిడ, శ్రీమతి తాంబెల్లీనీ, ఇదంతా మీ మీదకే వస్తుందని తెలిసే చెబుతున్నారా అని అడిగింది. తెలుసన్నాను. కెప్టెన్ ఓర్లాందీ వెనక బెంచీలో కూర్చుని తన బూట్లు చూసుకుంటున్నాడు.

పడవల్లో పనిచేయాలంటే ఉండాల్సిన నా నావికురాలి పుస్తకం అక్కడే పెట్టుకున్నారు. మిగతాది కోర్టు చూస్తుందట. నీ మూతలో లోపం లేదని రాసుకున్నారు.

నీ మీద కోపం పోయిందనుకోకు. సరుకులు పెట్టుకునే పెట్టెలా కనబడేదాని లోపల ప్రాణం కాపాడే మూతను దాచినవాడు, వంటమనిషి ఉల్లిపాయలు ఎక్కడ పెట్టుకుంటుందని ఒక్కరోజు కూడా అడగలేదని కూడా చెప్పాను. నువ్వు నాకొక్కదానికి చెప్పావు, కానీ దాని మీద ఒక్క ముక్క రాసి అంటించలేదు, అందం చెడుతుందని. అది కూడా చెప్పాను. నడుమ ఉన్నావిడ అదీ రాసుకుంది. పక్కనున్న ఆయన, పాత మూత ఎర్రగా డెక్కు మధ్యలో ఉండేదా అని అడిగి, దాని ఫోటో కావాలన్నాడు. మన పెళ్ళి ఆల్బమ్ వెనక పేజీల్లో ఒకటుంది, ఎనభై ఎనిమిదిది, దాని మీద నువ్వు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నావు. రేపు తీసుకెళ్ళి ఇస్తాను.

పై కాగితాలు చింపి మళ్ళీ రాద్దామనుకున్నాను. చింపలేదు. అలాగే పంపుతున్నాను. నేను నీ మీద ఏం చెప్పడానికి సిద్ధపడ్డానో నీకు తెలియాలి.

పోర్టునుంచి నేరుగా మిల్వియా దగ్గరికి వెళ్ళి చెప్పేశానని చెప్పాను. మంచం అంచు దాకా జరిగి నాకు చోటిచ్చింది. శుక్రవారం ఆమెను ఆసుపత్రినుంచి పంపిస్తారు. కింది అంతస్తులో ఇల్లు దొరికేదాకా నా దగ్గరే ఉంటుంది.

ఫోస్కా